ఒక్కనిమిషం గారి రోజువారీ లెన్సు

కళ్ళజోళ్ళ షాపాయనకి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఒక్కనిమిషం. వెనకాల అందరూ అలాగే పిలుస్తారు. ముందు కూడా అలాగే పిలుస్తారనుకోండి, కాకపోతే చివర 'గారు' తగిలిస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన దగ్గర ఒక డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, ఆరు లెన్సులు, ఆ ఆరింటినీ మోయడానికి ఎడమ భుజాన ఒక సంచి ఉంటాయి. ఎక్కడ ఏ మంచి దృశ్యం కనబడినా "ఒక్క నిమిషం!" అని కేక పెడతాడు. సంచి జిప్పు లాగి, ఉన్న లెన్సు ఊడదీసి, ఇంకోటి బిగించి, మూత తీసి తలెత్తేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. మేనల్లుడు పుట్టినరోజు కొవ్వొత్తులు ఊదితే ఈయనకి పొగ దక్కింది. బావమరిది ఈతకొలనులోకి దూకితే అలలు దక్కాయి. కూతురు మొదటిసారి పడకుండా సైకిల్ తొక్కిన రోజున మాత్రం ఫోటో అద్భుతంగా వచ్చింది. అందులో ఉన్నది ఖాళీ రోడ్డు.

"వెనకాల చెట్లు ఎంత మెత్తగా వచ్చాయో చూశారా?" అని ఆయన ఆ రోడ్డునే అందరికీ చూపించి మురిసిపోయాడు. ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలో నాకైతే తెలీదు.

ఇక ఆయన తల్లి సంగతి. పెద్దావిడ ఇంట్లో నవ్విందంటే పక్క వాటాలో వాళ్ళు కూడా ఏమైందోనని తొంగిచూస్తారు. కెమెరా కనబడితే చాలు, నోటికి తాళం పడుతుంది. వయసులో ఉన్నప్పుడు భయంతో బిగుసుకుపోయేది. పన్నెండేళ్ళ కిందట స్నానాలగదిలో జారిపడి ముందు పళ్ళు పోయాక సిగ్గుతో మూతి బిగించేది. డెబ్భై ఆరేళ్ళ జీవితంలో ఆవిడ నవ్విన ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ ఒక్కటీ తియ్యాలనే ఒక్కనిమిషం గారు కెమెరా కొన్నాడు. ఆరు లెన్సులు మాత్రం ఎందుకు కొన్నాడో ఆయనకే తెలియాలి.

పోయిన నెల పెద్దావిడకి పళ్ళ సెట్టు వచ్చింది. అద్దంలో అటూ ఇటూ చూసుకుని ఆవిడ కొడుకుని పిలిచింది.

"ఒరేయ్, ఆదివారం చెరువు దగ్గరికి వెళ్తున్నాం కదా. అక్కడ ఒక్కసారి నవ్వుతాను. ఒక్కసారే. నువ్వు గానీ 'ఒక్క నిమిషం' అన్నావా, నోరు మూసేస్తాను. మళ్ళీ జన్మలో తెరవను."

అన్నంత పనీ చేసే మనిషి ఆవిడ. ఒక్కనిమిషం గారి భార్య ఇంకో అడుగు ముందుకేసి సంచిని అలమరాలో పెట్టి తాళం వేసేసింది.

"కెమెరాకి ఒకటే లెన్సు తగిలించుకుని రండి. ఏదో మీరే తేల్చుకోండి" అంది.

తేల్చుకోవడం అంత తేలికా? ఒకటి వెడల్పుగా చూస్తుంది గానీ మనిషి ముక్కు గుమ్మడికాయంత చేస్తుంది. ఒకటి మొహాన్ని చక్కగా తీస్తుంది గానీ తియ్యాలంటే తను వెనక్కి నడిచి చెరువులో పడాలి. ఇంకోదానితో చీమ మీసాలు లెక్కపెట్టచ్చు, అమ్మ మాత్రం చీమ కాదు. మూడు రోజులు ఆలోచించి, ఆయన తనకి తెలిసిన ఒకే ఒక్క విద్యని బయటికి తీశాడు.

శనివారం మధ్యాహ్నం సంచి అడిగి తెచ్చుకుని, షాపు గుమ్మంలోని పూలకుండీని ఆరు లెన్సులతోనూ ఫోటో తీశాడు. భార్యని షాపుకి పిలిచి, చూపు పరీక్ష చేసే కుర్చీలో కూర్చోబెట్టి, ఫోటోలు రెండేసి చొప్పున చూపించడం మొదలుపెట్టాడు.

"ఇది బాగుందా... ఇది బాగుందా?"

"రెండోది."

"ఇప్పుడు? ఇదా... ఇదా?"

"రెండోది."

ఆరింటినీ జతలు కడితే పదిహేను అయ్యాయి. పదిహేనుసార్లూ రెండోదే గెలిచింది. అనుమానం వచ్చి అవే జతలని తిరగేసి చూపించాడు. మళ్ళీ రెండోదే. ఇరవై రెండేళ్ళ అనుభవం కదా, సంగతి అర్థమైంది. ఆకలేసిన మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే ఎప్పుడూ రెండోదే బాగుందంటుంది.

"అసలు చూసే చెప్తున్నావా?"

"భోజనం చేశాక చూసి చెప్తానండీ. ముందు లేవనివ్వండి."

అంతలో ఒక దర్జీ లోపలికొచ్చాడు. నుదుటి మీద ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఒక కళ్ళజోడు.

"సూదిలో దారానికి ఒకటి, దూరానికి ఒకటండీ. ఇది తీసి అది పెట్టుకునేలోపు రోజూ బస్సు వెళ్ళిపోతోంది. ఏదైనా దారి చెప్పండి సార్."

ఒక్కనిమిషం గారికి వృత్తి అభిమానం పొంగుకొచ్చింది. "మీకెందుకండీ ఈ తిప్పలు? అన్నిటికీ ఒకటే జోడు పెట్టుకోండి. పైనుంచి దూరం, కిందనుంచి దగ్గర. ఏ ఒక్కటీ నూటికి నూరు పాళ్ళు ఉండదు, కాస్త సర్దుకుపోవాలి. కానీ బస్సు దొరుకుతుంది!"

కుర్చీలోంచి భార్య గొంతు వినిపించింది. "ఏవండీ, ఆ చివరి మాట మళ్ళీ అనండి."

ఆయన చూపు ఆరు లెన్సుల సంచి మీద పడింది. దర్జీకి ఏమీ అర్థంకాక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు, రెండు కళ్ళజోళ్ళతోనూ.

ఆ సాయంత్రం ఒక్కనిమిషం గారు మేజోళ్ళ సొరుగు తెరిచాడు. కెమెరాతో పాటు పెట్టెలోనే వచ్చిన ఏడో లెన్సు అందులో ఏళ్ళ తరబడి పడి ఉంది. రింగు ఇటు తిప్పితే ఇల్లంతా పడుతుంది, అటు తిప్పితే ఎదురింటి డాబా మీది పిట్ట పడుతుంది. చీకటి గదిలో కాస్త తడబడుతుంది, వెనకాల చెట్లని అంత మెత్తగా చెయ్యదు. అసలైన ఫోటోగ్రాఫర్లు దాన్ని ముట్టుకోరని ఎవరో రాస్తే చదివి, పాపం దాన్ని మేజోళ్ళ పాలు చేశాడు. ఇప్పుడు దుమ్ము తుడిచి బిగించాడు.

ఆదివారం చెరువుగట్టున బెంచీ మీద పెద్దావిడ, పక్కన కోడలు, కోడలి పక్కన ఫ్లాస్కు ఉన్న సంచి. పెద్దావిడ కొత్త పళ్ళని షోకేసులో పెట్టినట్టు బయటపెట్టి కూర్చుంది. దాన్ని నవ్వు అనడానికి మనసొప్పదు. ఆయన ఆ సంచి పక్కనే నిలబడి కెమెరా ఎత్తాడు. సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డున పొడుగుకాళ్ళ కొంగ ఒకటి వాలింది.

అలవాటు ఎక్కడికి పోతుంది? కళ్ళు కొంగ మీదే ఉంచి, చెయ్యి ఎడమపక్కకి పోనిచ్చి, దొరికిన జిప్పు లాగి, చేతికి గుండ్రంగా తగిలినదాన్ని తీసి, ఉన్న లెన్సు ఊడదియ్యడం కూడా మరిచి, దాని మీదే బిగించబోయాడు. ఒకసారి తిప్పాడు. రెండుసార్లు తిప్పాడు.

"అత్తయ్యా, మీ అబ్బాయి ఫ్లాస్కు మూత బిగిస్తున్నారు" అంది కోడలు.

పెద్దావిడ చూసింది. పక్క వాటా వాళ్ళు తొంగిచూసే ఆ నవ్వు చెరువుగట్టు మీద పేలింది. కొంగ ఎగిరిపోయింది. ఒక్కనిమిషం గారు మూత వదిలేసి, రింగు ఒక్క తిప్పు తిప్పి, క్లిక్కుమనిపించాడు.

చూసుకుంటే ఫోటోలో చెత్తడబ్బా కూడా స్పష్టంగా పడింది. కోడలి మొహం సగమే ఉంది. పళ్ళ సెట్టు పెద్దావిడ నోటికీ ఒడికీ మధ్య గాలిలో ఉంది. కళ్ళు మూసుకుని, బోసినోరు బార్లా తెరిచి ఆవిడ నవ్వుతోంది. చూస్తుండగానే ఆయనకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

"అమ్మా, పళ్ళు ఊడిపోయాయే. ఇంకోసారి..." అన్నాడు భయంభయంగా.

ఆవిడ కెమెరా లాక్కుని చాలాసేపు చూసింది.

"ఇంకోసారి లేదు. పళ్ళ సెట్టు ఎవరైనా పెట్టుకుంటారు. ఇది మటుకు నేనేరా" అంది. తర్వాత కొడుకు మొహంలోకి అనుమానంగా చూసింది. "అవునూ, 'ఒక్క నిమిషం' అనలేదేం?"

"మర్చిపోయానమ్మా."