టీచరత్తయ్య మొదటి బంతి

బందరు సముద్రం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

మా వీధిలో పిల్లలకీ పెద్దలకీ ఆవిడ టీచరత్తయ్యే. ఎవరు ఎవర్ని ఏ మాట అని వెక్కిరించినా సరే, కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, "అది ముందు ఎవరి నోట పుట్టింది?" అని అడిగేది.

పోయినేడు చల్లపల్లి చర్చిలో మా బంధువుల పెళ్ళి. మావైపు పెళ్ళిళ్ళలో బ్యాండువాళ్ళకి ఎప్పుడూ ఆఖరి బంతిలోనే భోజనం. ఆ రోజు వాళ్ళు అవనిగడ్డలో ఇంకో పెళ్ళికి వెళ్ళాలి. ఆఖరి బంతి దాకా ఆగమంటే పస్తే. టీచరత్తయ్య వాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మొదటి బంతిలో మగపెళ్ళివారి పక్కనే కూర్చోబెట్టింది.

పెళ్ళికొడుకు బావ పకపకా నవ్వాడు. "అత్తయ్యగారూ, మీరు మరీ వోక్ అండీ!"

కళ్ళజోడు నుదుటికెక్కింది. "ముందు ఎవరి నోట పుట్టింది నాయనా, ఆ మాట?"

"ఏమోనండీ. న్యాయం, న్యాయం అని అతి చేసేవాళ్ళని అంటారు."

"అమెరికాలో నల్లవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్న జాగ్రత్త అది. అన్యాయం మీదకొస్తుంది, మెలకువగా ఉండండని. తర్వాత కొందరు గొప్పకి తగిలించుకున్నారు, గిట్టనివాళ్ళు తిట్టు చేశారు. నేను మెలకువగానే ఉన్నాను. నువ్వు లేచి ఆ బిర్యానీ ఇటు వడ్డించు."

లేచాడు. వడ్డించాడు. బాకా ఊదే ఆయన మారు కూడా అడిగాడు.

కడుపు నిండిన బ్యాండు వెళ్తూ వెళ్తూ ఆవిడ ముందు నిలబడి ఒక పాట అందుకుంది. ఆ బాకా మోత గుడివాడ దాకా వినిపించింది.

ఒట్టు పెట్టుకున్నాను కనుక ఒప్పుకుంటాను: గుడివాడ నా కల్పన. ఉయ్యూరు దాటి వినపడలేదు.