బత్తాయికి మత్తు, నాకు పస్తు

ఈ కథ మా బంధువులందరికీ తెలుసు. చెప్పేది మా బావమరిది. ఆ రోజు వాడు మల్కాజిగిరిలో తన ఇంట్లో ఉన్నాడు. అయినా ఏ పెళ్లిలో విస్తరి వేసినా వాడే మొదలుపెడతాడు. పక్కనే కూర్చున్న నన్ను మాత్రం అసలేం జరిగిందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. ఒక ప్రాణం పోబోయింది, ఒక పరువు పూర్తిగా పోయింది. పరువు నాది.

ఎనభైల చివరి మాట. నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌ని, ఇల్లు ఉప్పల్లో. పక్కింటాయన బదిలీ మీద పోతూ తన గినీపిగ్‌ను మాకు అప్పగించాడు. ఎలుకకు పెద్దన్నలా ఉండేది, తోక ఉండదు. పేరు బత్తాయి. సందు మొదట్లో నా స్కూటర్ చప్పుడు వినగానే ఈల వేసేది. నేను ఇంటికొస్తే సంతోషించే ప్రాణి అదొక్కటే.

అలాంటి బత్తాయి తిండి మానేసింది. మా ఆవిడ పేరు అందాలు. ఆమె క్యారెట్, కొత్తిమీర నూరి చెంచాతో పెడితే కాస్త మింగేది. లాలాపేట్‌లో పశువుల డాక్టరుకు చూపించాను. ఆయన టార్చి వేసి చూసి, దవడ పళ్లు రెండువైపులా పెరిగి నాలుక మీద వంతెన కట్టాయన్నాడు.

"అరగదీయాలె. మెలకువల నోరు తెరవనియ్యది, మత్తియ్యాలె. బర్రెలకు ఇచ్చుడు అలవాటే గని, గింత పాణానికి జర ఎక్కువైనా మల్ల లేవది. రేపు పొద్దుగాల తీస్కరా."

అంతే అన్నాడు. మిగతాది నాకు తెలియదా? నా అపెండిక్స్ ఆపరేషన్ నాడు ఒక్క కప్పు ఛాయ్ తాగినందుకు డాక్టర్లు నన్ను వెనక్కి పంపారు. బావమరిది దాన్నీ ఊరంతా చెప్పాడు. మళ్లీ ఆ అవకాశం వాడికివ్వకూడదని పట్టుబట్టి, సాయంత్రం నుంచి బత్తాయికి తిండి బంద్ చేశాను. అందాలు దొంగచాటుగా పెడుతుందని కొత్తిమీర కట్టను స్కూటర్ డిక్కీలో పెట్టి తాళం వేశాను.

"మీరు మాత్రం బుక్కుడు బుక్కుతున్రు, నోరులేని దాన్ని మాడవెడ్తున్రు" అంది అందాలు.

నేను కంచం పక్కకు జరిపేశాను. దాని పళ్లు బాగయ్యేదాకా మెతుకు ముట్టనని శపథం చేశాను. ఆమె బతిమాలుతుందేమోనని కాసేపు చూశాను. కంచం తీసుకెళ్లి కడిగేసింది.

పొద్దున అందాలు, నేను బుట్టతో వెళ్తే, డాక్టరు బత్తాయి ఏం తిన్నదని అడిగాడు. పతకం అందుకునేవాడిలా నిలబడి, నిన్నటి నుంచి ఏమీ పెట్టలేదన్నాను.

"ఎవరు జెప్పిన్రు నీకు? మనిషి కక్కుతడని కడుపు ఖాళీ వెడ్తరు. ఇది కక్కనే కక్కది. తిండి ఆగితే దీని పేగులే ఆగిపోతయి. పాణం దీస్తవా ఏంది?"

అప్పుడు చూశాను బత్తాయిని. బుట్టలో మూలకు ముడుచుకుని ఉంది. ఈల లేదు. అందాలు డిక్కీ తాళం కోసం చేయి చాపింది. ఆ కొత్తిమీర అక్కడే నూరి, కొంచెం కొంచెంగా పెడుతూ మధ్యాహ్నం దాకా కూర్చుంది. అది తిన్నది. నేను తినలేదు. శపథం శపథమే కదా.

చివరకు డాక్టరు దాని నోరు కడిగి, కూరగాయల తరాజులో తూచి, సూది వేశాడు. చలి పట్టకుండా నా స్వెటర్ కప్పాడు. తడిగుడ్డలా పడి ఉన్న దాని పక్కటెముకలు కదులుతున్నాయో లేదోనని చూస్తూ నిలబడ్డాను. ఆకురాయి గరగరమంది. ఆ తర్వాత నాకు తెలియదు.

కళ్లు తెరిచేసరికి బల్ల మీద బత్తాయి లేచి కూర్చుని కొత్తిమీర నములుతోంది. నేల మీద నేను. డాక్టరు నా నోట్లో గ్లూకోజు నీళ్లు పోస్తూ అందాలుతో చెబుతున్నాడు.

"ఈయనను గూడ మాడవెట్టకమ్మా. దానికంటె ఆలస్యంగ లేషిండు."

ఆ రోజే స్కూటర్ మీద చేయి పెట్టి ప్రమాణం చేశాను. ఇకమీదట చీమకు మత్తు ఇప్పించాల్సి వచ్చినా, ముందు దాని భోజనం సంగతి అడిగి, ఆ తర్వాత కడుపునిండా తిని గానీ గడప దాటను.

కానీ నా ప్రశ్న అలాగే ఉంది. తీసుకురమ్మన్న మనిషి, తినిపించి తీసుకురమ్మని ఒక్క ముక్క ఎందుకనలేదు? డాక్టరును అడిగితే చేతులు కడుక్కోవడానికి పోయాడు. అందాలును అడిగితే బత్తాయి మూతి తుడుస్తూ కూర్చుంది. బావమరిదిని అడిగితే కథ మొదటి నుంచి చెప్పాడు. ఎవరో ఒకరు జవాబు చెప్పండి. అందాకా నేను అడుగుతూనే ఉంటాను.