ఇద్వల్ చిప్పల మడి

మా తమ్ముడు ఇద్వల్ పారీని ఊళ్ళో అందరూ మొండిఘటం అంటారు. నేను అనే మాట వేరే ఉంది, అది రాయడానికి బాగోదు. వేల్స్ ఉత్తరపు ఒడ్డున, మా నేలకీ ఎదుటి దీవికీ మధ్య ఇరుగ్గా పారే సముద్రంలో వాడు నల్ల ఆల్చిప్పలు పండించేవాడు. నిజంగా పండించడమే. పిల్లచిప్పల్ని తెచ్చి నీటి అడుగున మడిలో చల్లేవాడు. పీతలు తినెయ్యకుండా రెండు మూడేళ్ళు కాచేవాడు. బలిశాక పడవతో గీకి పైకి తీసేవాడు. ఒడ్డున కూర్చుని పగిలినవీ రాళ్ళూ ఏరి పారేసే పని నాది.

మా ఊరివాళ్ళు వాటిని నోట పెట్టరు. తీసిన ప్రతి బస్తా లారీ ఎక్కి హాలండ్ పోయేది. మా నీళ్ళు కాస్త మురికివి, అందుకని అక్కడ కొనే మరీనస్ వాటిని తన శుభ్రమైన నీళ్ళలో కొన్నాళ్ళు ఉంచి, కడుపులో మురికంతా కక్కించి, అప్పుడు అమ్ముకునేవాడు. మనిషి మంచివాడు. ఏటా క్రిస్మస్‌కి నాకు జున్ను పంపేవాడు.

యూరప్ కూటమిలో ఉండాలా, విడిపోవాలా అని ఓటు పెట్టినప్పుడు ఇద్వల్ విడిపోవాలన్నాడు. ఏ దేశం ఎన్ని చేపలు పట్టాలో కూటమి వాటాలు కట్టిన రోజుల్లోనే మా నాన్న వేట మానుకోవాల్సి వచ్చింది. ఆ కడుపుమంట వీడికి చల్లారలేదు. రేవులో నలుగురూ చేరి మన సముద్రం మనకే అంటుంటే వీడి గొంతే పెద్దగా వినిపించేది. ఒరే, నీ సరుకంతా కొనేది ఆ కూటమివాళ్ళే కదరా అని నెత్తీ నోరూ బాదుకున్నాను.

"ఆ గొడవంతా చేపల గురించి అక్కా. ఆల్చిప్పలు చేపలేంటి? వాటి జోలికి ఎవరొస్తారు?" అన్నాడు.

రేవులో సగం మంది అలాగే అనుకున్నారు. నేను ఉండాలని ఓటేశానని తెలిసి ఇద్వల్ కొన్ని వారాలు నాతో మాట్లాడలేదు. పోనీలే అని నేనూ మాట్లాడలేదు.

తీరా విడిపోయాక, కొత్త సంవత్సరం రాగానే మరీనస్ ఫోన్ చేశాడు. బయటి దేశాల చిప్పలు ముందే శుభ్రం చేసి ఉంటేనే కూటమిలోకి రానిస్తారట. ఆ నియమం ఎప్పటినుంచో ఉన్నదే. ఇన్నాళ్ళూ మేం బయటివాళ్ళం కాదు, ఇప్పుడయ్యాం. ఇక్కడే తొట్లు కట్టి శుభ్రం చేద్దామంటే మా వాడికి తాహతు లేదు. ఇంకెవరి తొట్లలోనో పెట్టి ఒక లోడు పంపి చూస్తే, మురికి కక్కి నీరసించిన చిప్పలు దారిలోనే నోళ్ళు తెరిచి చచ్చాయి. లండన్ పెద్దలు మాట్లాడుతున్నాం, చూస్తున్నాం అన్నారు. వాళ్ళు చూస్తూనే ఉన్నారు.

బలిసిన చిప్పల్ని తియ్యకపోతే ఒకదాని మీద ఒకటి పెరిగి, కింద బురద పట్టి, పట్టు వదిలేస్తాయి. ఆ చలికాలం గాలివాన ఒక్కటి వచ్చింది. మర్నాడు పోటు దిగాక ఇద్వల్ మడి చూసొచ్చి, తడి బూట్లతోనే నా వంటింట్లో కూర్చున్నాడు. "అంతా ఊడ్చుకుపోయిందక్కా" అన్నాడు. నేను చెప్పానా లేదా అనే మాట నా నోట్లో ఏళ్ళ తరబడి సిద్ధంగా ఉంది. వాడి మొహం చూస్తే రాలేదు. ఏడుపొచ్చింది.

ఇక పడవ అమ్మక తప్పలేదు. చిప్పలు గీకడానికి తప్ప ఎందుకూ పనికిరాని పడవ ఇక్కడ ఎవరు కొంటారు? మరీనసే కొన్నాడు. పడవతో పాటు నువ్వూ వచ్చెయ్, నా మడుల్లో పని చేద్దువుగాని అన్నాడు. ఎన్నాళ్ళకో మా వాడు నవ్వాడు. అప్పుడే గడ్డం గీసుకుని, కుక్కని నాకు అప్పగించి, తనే పడవ నడుపుకుంటూ బయల్దేరాడు. పాతికేళ్ళుగా సరుకు పని మీద వెళ్ళొచ్చే చోటు కదా, పని చెయ్యడానికి కాగితం అడుగుతారని ఆ ఇద్దరు తెలివైనవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

అక్కడి ఆఫీసులో అడిగారు. చుట్టపుచూపుగా వచ్చి పోవచ్చు గానీ పని చెయ్యకూడదన్నారు. పనికి అనుమతి కావాలంటే, కూటమి దేశాలన్నిట్లో ఎక్కడా ఆ పనికి మనిషి దొరకలేదని మరీనస్ చూపించాలట. పాపం ఆయన తిరిగాడు, బతిమాలాడు. కాదన్నారు.

వారం తర్వాత ఇద్వల్ ఫోన్ చేశాడు. వెనక ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఎక్కడున్నావురా అంటే హాలండ్‌లోనే, గట్టు మీద అన్నాడు.

"మన పడవని వేరేవాడు నడుపుతున్నాడక్కా. వాడికి గీకుడు వల పైకి లాగడం చేతకావట్లేదు, మెలిపడిపోతోంది. ఎక్కి ఒకసారి చూపిస్తానంటే మరీనస్ వద్దన్నాడు. అది కూడా పని కిందికే వస్తుందట."