ఆక్సలేట్ సీసా ఉన్న అర

1977. పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులు. గుడివాడ నుంచి ట్రంకు పెట్టెతో వచ్చి, అక్కడొక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుగా చేరాను. కిటికీ తెరిస్తే ఒక పక్క బాయిలర్ పొగ, ఇంకో పక్క జొన్నచేలు. ఆ రెండూ కలిసిన వాసన ఇప్పుడెక్కడైనా తగిలితే ప్రాణం లేచొస్తుంది.

ల్యాబ్ అటెండరు యాదయ్యది పక్కనే ఉన్న ఇంద్రేశం ఊరు. రైతు, నాకంటే పదేళ్లు పెద్ద. ఏ సీసా కావాలన్నా నేను పేరు చెప్పడమే, అతను తెచ్చి చేతికివ్వడమే. చేరి మూడు నెలలైనా ఆ అరల్లో ఏది ఎక్కడుందో నేను చూసిన పాపాన పోలేదు. రెండేళ్లుగా టెంపరరీగా ఉన్న అతన్ని పర్మనెంట్ చేసే కాగితం మీద నా అభిప్రాయం రాయాల్సి ఉంది. సరిగ్గా ఆ వారమే తొలకరి పడింది. విత్తనాలు వేసుకోవాలని మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లాడు.

మర్నాడే టైట్రేషన్ పడింది. అంటే, బలం తెలిసిన ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలి సరుకు నాణ్యత తేల్చడం. ముందు ఆ బలం తేలాలంటే సోడియం ఆక్సలేట్ కావాలి. మేం చదువుకున్న ఫార్ములా Na2C2O4. అరలకు ఫార్ములాల మొదటి అక్షరాలు అంటించి ఉన్నాయి. సోడియం గుర్తు Na ముందుంటుంది కదా అని N అరలో వెతికాను. లేదు. అటూ ఇటూ అరలు కూడా చూశాను. లేదు! బ్యాచ్ ఆగిపోయింది, మేనేజరు అరిచాడు. నాకసలే అప్పట్లో కోపం ముక్కు మీద ఉండేది. యాదయ్య సీసా పగలగొట్టి, చెప్పకుండా జారుకున్నాడని తేల్చేశాను. అతని కాగితం మీద 'నమ్మదగినవాడు కాదు' అని రాసి ఆఫీసుకు పంపేశాను.

మరుసటి రోజు పొద్దున్నే యాదయ్య ప్రత్యక్షం. సెలవు ఇంకా ఒకరోజు మిగిలే ఉంది. పాదాలకు రేగడి మట్టి అలాగే ఉంది.

"ఏమయ్యా, ఆక్సలేట్ సీసా ఏం చేశావు?" అని కేకలేశాను.

"గట్ల గరమైతరేంది సార్? జెర ఆగుండ్రి" అంటూ వెళ్లి, C అరలోంచి సీసా తీసి నా ముందు పెట్టాడు. లేబుల్ మీద C2Na2O4 అని ఉంది.

"ఇది ఇక్కడ పెట్టిందెవరు?"

"పాత సార్ పెట్టమన్నడు. కార్బన్ ఉంటే గదే ముందుగాల రాయాలె, దాని ఎన్క హైడ్రోజన్, మిగిలినయి ఏబీసీడీల లెక్కన. కార్బన్ లేకుంటే మొత్తం ఏబీసీడీలే. నాకు సదువు రాదు సార్, అచ్చరాలు గుర్తు పట్టుడే. గిన్ని సీసాలు గట్లనే పెట్టిన."

కాలేజీలో విన్న పద్ధతే అది. రసాయనాల పెద్ద పెద్ద సూచికల్లో వాడతారని పరీక్షలో కూడా రాశాను. రాసి మర్చిపోయాను.

ఆఫీసుకు పరుగెత్తాను. అదృష్టం, కాగితం ఇంకా మేనేజరు బల్ల మీదే ఉంది. తప్పు నాదని ఒప్పుకుని, అది చించేసి కొత్తది రాసిచ్చాను.

నెల తిరక్కుండా యాదయ్య పర్మనెంటయ్యాడు. పేడా పొట్లంతో ముందు నా దగ్గరికే వచ్చాడు. ఉండబట్టలేక, మొదట ఏం రాశానో చెప్పేశాను.

"నాకెరికే సార్. ఆఫీసు ప్యూన్ మా ఊరోడే. గదే దినం మాపటికి చెప్పిండు. గందుకే ఇత్తులు సగంల ఇడిసిపెట్టి ఒచ్చిన."

"మరి నన్నొక్క మాటైనా అడగలేదేం?"

"సీసా సూపెడితే మీరే దిద్దుకుంటరని నమ్మిన సార్."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఎన్నో ల్యాబులు మారాను. ఎక్కడ చేరినా మొదటి రోజు అటెండరు వెంట అరలన్నీ తిరిగి, ఏది ఎక్కడుందో నేర్పమని అడిగేవాణ్ణి. ఇంకొకటి, మనిషి ఎదురుగా లేనప్పుడు అతని గురించి ఏ కాగితం మీదా ఒక్క ముక్క రాయలేదు.