కోతల పాటలో ఆ కాస్త ఖాళీ

మొన్న కృష్ణదేవిపేటలో బంధువుల ఇంటికి వెళ్ళి షేర్ ఆటోలో నర్సీపట్నం తిరిగి వస్తున్నాను. ఊళ్ళోకి రాగానే ముందు ఒక ట్రాక్టరు అడ్డం తిరిగి ఆటో ఆగిపోయింది. ఇంజను ఆపేసరికి చర్చి వైపు నుంచి మైకులో పాట వినిపించింది. కోతల పండుగ పాట. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, చెరుకు గడలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఎవరి చేతనైంది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెట్టి, ప్రార్థన అయ్యాక వేలం వేసుకునే పండుగ అది. రెండో చరణం పూర్తయింది. పాట ఆగింది. మైకులో కోడి అరుపు, ఎవరిదో దగ్గు తప్ప ఏమీ లేదు. "కరెంటు పోయినట్టున్నాది" అన్నాడు ఆటో డ్రైవరు. పోలేదని నాకు తెలుసు. ఒళ్ళో ఉన్న సంచి మీద నా కుడిచేతి బొటనవేలు దానంతట అదే తాళం వేస్తోంది. అది ఇంకా సగంలో ఉండగానే అక్కడ మూడో చరణం అందుకున్నారు. ఆటో దిగిపోయాను.

నేను నాతవరం దగ్గర పల్లెలో రైతు ఇంట పుట్టినదాన్ని. తొంభైల్లో ఇంటర్ చదవడానికి నర్సీపట్నంలో పిన్ని ఇంట్లో ఉన్నాను. ఆడపిల్ల సాయంత్రం పూట ఊరికే కూర్చోవడం పిన్నికి గిట్టదు. అందుకని కాలేజీ అయ్యాక టైపు నేర్చుకోమని ఇనిస్టిట్యూట్‌లో చేర్చింది. చర్చి ప్రహరీని ఆనుకుని రోడ్డు వైపు తెరుచుకునే గది. గది చర్చిది, అందులోని టైపు మిషన్లు ఎస్తేరు మేడమ్‌వి. ముప్పై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, తల్లితో ఉండేది. గంజి పెట్టిన నూలు చీర, నున్నగా దువ్విన జడ, కుడిచేతికి వాచీ. ఆదివారం ఆరాధనలో గిటారు వాయించేది. ఆ ఊళ్ళో గిటారు పట్టుకున్న ఆడమనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. మేడమ్ అనడం మానేసి అక్కా అనడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. మా పిన్ని మాత్రం చివరిదాకా "మీ గిటారు మేడమ్" అనే అనేది, అదేదో జబ్బు పేరు చెప్పినట్టు మొహం పెట్టి.

మొదటిరోజు మిషన్ ముందు కూర్చున్నాను. భక్తి పాటలేవో పెడుతుందనుకుంటే, మేడమ్ బల్ల మీది టేప్ రికార్డరులోంచి రేకుల షెడ్డు కూలినంత చప్పుడు వచ్చింది. ఉలిక్కిపడ్డాను.

"ఏటండీ మేడమ్, ఈ గోల?"

"గోల కాదే గుంటా, డ్రమ్ము. దాంతోపాటు కొట్టు. ఏ, ఎస్, డి, ఎఫ్. వేళ్ళేపు సూడకు. ఇను."

అదీ ఆవిడ పద్ధతి. టైపులో అన్ని వేళ్ళూ ఒకే బరువుతో పడాలి, లేకపోతే కాగితం మీద ఒక అక్షరం నల్లగా, ఒకటి వెలిసిపోయినట్టు వస్తుంది. ఆ బరువు నేర్పడానికి అందరూ స్కేలు పెట్టి బల్ల మీద కొట్టేవారు. ఎస్తేరక్క రాక్ పాటలు పెట్టేది. కొత్తగా చేరినవాళ్ళకి నెమ్మది పాటలు, పరీక్షకి వెళ్ళేవాళ్ళకి పరుగెత్తే పాటలు. గదిలో మిషన్లన్నీ ఒక్క దరువుకి పడుతుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి కిటికీలోంచి చూసేవారు. ఎవరో ఒకసారి, "ఇక్కడ టైపు నేర్పుతారా, తీన్‌మారు నేర్పుతారా?" అని అడిగారు కూడా. "రెండూని. మీకేది కావాల?" అంది అక్క.

క్యాసెట్లు వాళ్ళ అన్నయ్యవి. ఆయన ఓడల మీద పనిచేసేవాడు, విశాఖలో దిగినప్పుడల్లా చెల్లెలికి కొన్ని తెచ్చిపెట్టేవాడు. ఆ బ్యాండ్లకి అసలు పేర్లు ఉండేవి గానీ అవి మా నోటికి తిరిగేవి కావు. అక్కే మాకోసం పేర్లు పెట్టింది. యలమంచిలి స్టేషన్లోంచి ప్యాసింజరు కదిలినట్టు నెమ్మదిగా మొదలై ఊపందుకునేవాళ్ళు రైలు బ్యాండు. గొంతు చించుకుని ఏడ్చేవాళ్ళు ఏడుపు బ్యాండు. ఈ రెండో బ్యాండు వాళ్ళు చిన్నప్పటి నేస్తాలట, పేరొచ్చాక ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారట. "అన్నదమ్ములు గట్టు కాడ దెబ్బలాడుకున్నట్టే. అంత బాగా కలిసి పాడినోళ్ళు మాటాడుకోడం మానీసేరంటే నాకు నమ్మబుద్దవదే సత్తీ" అనేది అక్క. క్యాసెట్ అట్ట మీద గుబురు జుట్టు కుర్రాళ్ళ ఫొటో చూపించి, "ముందు నిలబడ్డోడిని ఎలాగూ అందరూ సూస్తారు. నువ్వు ఎనకాల డ్రమ్ములోడిని ఇను" అనేది. నాకు ఇంగ్లీషు మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. అయినా ఏడుపు బ్యాండు పాట వస్తే మా ఊరు గుర్తొచ్చేది. ఇప్పటికీ నాకు అర్థం కాని సంగతుల్లో అదొకటి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది రైలు బ్యాండు పాట ఒకటి. ముందు ఒక్క గిటారు మొదలవుతుంది. చాలాసేపు అదొక్కటే. డ్రమ్ములు వస్తాయని చూసి చూసి ఇక రావేమో అనుకునేటప్పటికి వస్తాయి. మధ్యలో పాడేవాడు నోరు మూసుకుంటాడు, గిటారు ఒక్కటే పైకి పోయి పోయి, తిరిగి కిందికి దిగి అతని చేతికి పాట అప్పగిస్తుంది. ఆ పాటకి టైపు చేసేటప్పుడు నేను ఎప్పుడూ తొందరపడి మాటా మాటా అతికించేసేదాన్ని. అక్క వచ్చి నా కుడి బొటనవేలు పట్టుకుని స్పేస్ బార్ మీద పెట్టింది.

"అచ్చరాలు కొడతన్నావు గానీ ఖాళీ కొట్టడం నేదు. ఖాళీ దానంతటది రాదు. అదీ కొట్టాల."

కోర్టులో స్టెనోగా ఇన్నేళ్ళు చేశాను. నా వేళ్ళలో ఉన్న పని మొత్తం ఆ మాటలోంచి వచ్చిందే.

ఒక ఏడాది కోతల పండక్కి పాట తయారుచేసే పని అక్క మీద పడింది. పాత కీర్తనలు వద్దు, పిల్లలు పాడుకునేది కావాలన్నారు చర్చి సంఘం వాళ్ళు. అక్క వరి గురించి, తాండవ కాలువ నీళ్ళ గురించి, ఎడ్ల గురించి తేట తెలుగులో రాసింది. రాసి, రైలు బ్యాండు పాట బాణీలో పెట్టింది. క్వయర్ పిల్లలకి సాయంత్రాలు ఇనిస్టిట్యూట్ అరుగు మీదే నేర్పేది. నేను చర్చి మనిషిని కాకపోయినా అక్కడే కూర్చుని బల్ల మీద తాళం వేసేదాన్ని. రెండో చరణం తర్వాత పిల్లలు ఆగేవారు, అక్క గిటారు పైకి వెళ్ళి కిందికి దిగేది, పిల్లలు అందుకునేవారు. "అక్కా, ఎవరైనా పోల్చుకుంటే?" అన్నాను ఒకరోజు. "ఇక్కడ పోల్చుకునేదెవులే? మంచి పాటని దేవుడి కాడికి తీసుకెల్తన్నాను. ఆయన వద్దంటాడా?" అంది. ఆ మాట నిజంగా నమ్మే అంది.

పండుగ రోజు నేనూ వెళ్ళాను. గుమ్మడికాయల కుప్ప పక్కన నిలబడి పిల్లలు పాడారు. గిటారు దగ్గరికి వచ్చేసరికి చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపి చూశారు. అయిపోయాక ముసలాళ్ళు మళ్ళీ పాడించమన్నారు, మళ్ళీ పాడారు, వేలం ఆలస్యమైంది. ఎస్తేరక్క మొహం అంత వెలిగిపోవడం నేను మళ్ళీ చూడలేదు. కానీ ఆ రోజు ప్రసంగానికి నగరం నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన కొడుకు కాలేజీలో చదువుతూ ఇంట్లో అదే క్యాసెట్ వాయిస్తాడట. భోజనాల దగ్గర సంఘ పెద్ద జ్ఞానానందం గారితో అన్నాడు, మీ కోతల పాట బాణీ తాగుబోతు కుర్రాళ్ళదని, అలాంటిది ఆరాధనలో ఎలా రానిచ్చారని.

జ్ఞానానందం గారు చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది, హాయిగా తిట్టుకునేదాన్ని. ఆయన మంచివాడు. మర్నాడు ఇనిస్టిట్యూట్‌కి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి మరీ చెప్పాడు.

"అమ్మా ఎస్తేరూ, పాట బాగున్నాది, కాదన్ను. కానీ సంగంలో గొడవ లేస్తన్నాది. గది కాళీ సేయించమంటన్నారు కొందరు. వచ్చే ఆదివారం నిలబడి, తెలీక సేసినానని ఒక్క మాట అనీయి. అక్కడితో అయిపోద్ది."

"తెలీక సేయనేదండీ."

"తెలుసమ్మా. అయినా అనీయి. మీ అమ్మ మొహం సూసి అనీయి."

గది పోతే ఇనిస్టిట్యూట్ లేదు. తల్లికి ఆ చర్చే లోకం. ఆదివారం నేను వెనక బెంచీలో కూర్చున్నాను. అక్క లేచి నిలబడింది. తెలియక చేశాను, క్షమించమంది. అందరూ తలలూపారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. నిజంగానే అక్కడితో అయిపోయింది. ఎవరూ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు, గది ఉంది, పిల్లలు వస్తూనే ఉన్నారు. టేప్ రికార్డరు మాత్రం బల్ల మీద లేదు. మిషన్లు ఎవరి దారిన అవి టకటకలాడేవి. కొన్నాళ్ళకి ఏదో పనిమీద వాళ్ళింటికి వెళ్తే పెరట్లో చిక్కుడు పాదు సన్నని తీగ పట్టుకుని గోడెక్కుతోంది. పరీక్షగా చూస్తే గిటారు తీగ. నాకు ఏడుపొచ్చింది. "తుప్పు పట్టిపోయే బదులు కాయలైనా కాస్తాయి కదేటి" అని అక్క లోపలికి వెళ్ళిపోయింది.

పాట మాత్రం పోలేదు. పిల్లలకి నోటికొచ్చేసింది. బడిలో పాడారు, దారిలో పాడారు, మరుసటి కోతల పండక్కి ఎవరూ చెప్పకుండానే పాడేశారు. పెద్దలు చూసీచూడనట్టు ఊరుకున్నారు. గిటారు లేదు కాబట్టి రెండో చరణం తర్వాత పిల్లలు అలవాటు కొద్దీ ఆగి, ఆ కాసేపూ నిలబడి, అందుకున్నారు. సంఘం కూడా వాళ్ళతో ఆగింది. అక్క బెంచీలో తలొంచుకుని కూర్చుంది. అలా ఆ ఖాళీ పాటలో ఒక భాగమైపోయింది.

రెండువేలు దాటాక కంప్యూటర్లు వచ్చాయి, టైపుకి ఎవరూ రావడం లేదు. తల్లి పోయాక అక్క మిషన్లు అమ్మేసి యలమంచిలిలో ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేరింది. నాకు అక్కడి కోర్టుకి బదిలీ అయినప్పుడు వెతుక్కుంటూ వెళ్ళాను. జుట్టు నెరిసింది, వాచీ కుడిచేతికే ఉంది. టీ తాగుతూ ఆ మాటా ఈ మాటా అయ్యాక తనే ఎత్తింది.

"ఆ మాట అనకుండా ఉండాల్సిందే సత్తీ. గది పోతే పోయేది. ఇంటి అరుగు మీద నేర్పుకునేదాన్ని. తెలీక సేసినానని అనీసేను. నా బతుకులో అంత తెలిసి సేసిన పని ఇంకోటి నేదు."

పాట ఇంకా పాడుతున్నారని, అక్కడ ఇంకా ఆగుతున్నారని చెప్పాను. అక్క కప్పు కింద పెట్టింది.

"ఎంతసేపు ఆగుతన్నారు?"

బల్ల మీద బొటనవేలితో కొట్టి చూపించాను. అక్క కళ్ళు మూసుకుని వింది.

"తక్కువ. బేగి అందుకుంటన్నారు" అని, మొత్తం గిటారు ఎంతసేపో తన వేలితో కొట్టి చూపించింది. "వచ్చే కోతల పండక్కి ఎల్దాం. నాను సెప్తాను ఆళ్ళకి."

ఆ పండుగ రాకముందే అక్క జబ్బు చేసి పోయింది. ఆ పెరటి గోడ, ఆ పాదు ఇప్పుడు లేవు. క్యాసెట్లు ఏమయ్యాయో వాళ్ళ వాళ్ళకీ తెలియదు. ఇప్పుడు ఫోనులో ఆ బ్యాండ్లన్నీ దొరుకుతాయి, అసలు పేర్లతో. వింటాను. వెనకాల డ్రమ్ములవాణ్ణి వింటాను. పక్కన ఉండి వాటికి పేర్లు పెట్టి నవ్వించిన మనిషి లేని లోటు మాత్రం ఎన్నిసార్లు విన్నా పూడదు.

మొన్న ఆటో దిగి చర్చి దగ్గరికి వెళ్ళేసరికి వేలం మొదలైంది. కీబోర్డు సర్దుకుంటున్న క్వయర్ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, పాట బాగుందని చెప్పి, "రెండో చరణం తర్వాత కొంచెం తొందరగా అందుకుంటున్నారమ్మా. ఇంకాస్త ఆగాలి" అన్నాను.

"ఎంతసేపండీ ఆంటీ?"

కీబోర్డు పెట్టె మూత మీద బొటనవేలితో కొట్టి చూపించాను. గిటారు పైకి పోయినంతసేపూ, తిరిగి దిగినంతసేపూ. ఎస్తేరక్క నాకు చూపించినంత. ఆ అమ్మాయి మర్యాదగా చివరిదాకా చూసింది. తర్వాత నవ్వింది.

"అంతసేపా! అంతసేపు ఊరికే నిలబడితే మేం మరిసిపోయినామనుకుంటారండీ."

వెనకాల ఎవరో గుమ్మడికాయకి వేలం పాట పెంచుతున్నారు. ఆ పిల్ల భుజం తట్టి బయటికి వచ్చాను. బస్టాండు దాకా నడుస్తూనే ఉన్నాను, సంచి మీద బొటనవేలు కొడుతూనే ఉంది.