నాలుగో రకం కొమ్ము

ముందే చెప్పేస్తున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. గ్లాసెడు నీళ్ళు నా నోట్లోంచి బయటికొచ్చేసరికి చెరువైపోతాయి. మా ఆవిడ సుభద్ర ఇరవై రెండేళ్ళుగా నేను చెప్పే ప్రతి అంకెనూ నాలుగుతో భాగించి వింటోంది. మీరూ అలాగే చదవండి. ఇందులో నిజంగా కల్పించింది ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మే నెల మొదటి శనివారం. పొద్దున్నే సుభద్ర మంచం అంచున కూర్చుని కాలి మెట్టెలు తియ్యడానికి తంటాలు పడుతోంది. వేళ్ళు ఉబ్బిపోయి మెట్టెలు కండలోకి దిగిపోయాయి. సబ్బు రాశాం, కొబ్బరినూనె రాశాం. లాభం లేక నేను కటింగ్ ప్లేయరు పట్టుకొచ్చాను. ఏనుగు దంతం తెగ్గొట్టేంత ప్లేయరు.

"అది అక్కడ పెట్టండి బాబూ, మెట్టె పోయినా కాలు మిగలాలి కదా," అంది.

నవ్వుకున్నాం. నవ్వు ఆగాక మెల్లగా చెప్పింది: వారం రోజులుగా నోరంతా ఇనుము నాకినట్టుందట, అన్నం చూస్తే వాంతి వస్తోందట, నిన్నట్నించి మూత్రం సరిగా రావడం లేదట.

తలుపు దగ్గర నిలబడి విన్న మా అమ్మాయి మేఘన కోటు తెచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో పడేసింది. "నాన్నా, నోట్‌ఆఫ్‌నామె. యెట్స్ట్!" అంది. ఎమర్జెన్సీకి, ఇప్పుడే అని. పదిహేడేళ్ళ పిల్ల. జర్మన్‌లో అరిచిందంటే భయపడిందని అర్థం.

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ నుంచి ఎస్‌బాన్ లోకల్ రైల్లో అరగంట దూరంలో ఒక చిన్న ఊరు. పద్దెనిమిదేళ్ళుగా కార్ల కంపెనీలో సీటు కింద ఉండే ఒకే ఒక స్క్రూ మీద పనిచేస్తున్నాను. ఊళ్ళో ఆసుపత్రి మా ఇంటి నుంచి పది నిమిషాలు. రక్తం తీసుకున్న గంటకి ఒక కుర్ర డాక్టరు కాగితం చూసుకుంటూ వచ్చి ఇంగ్లీషులో అడిగాడు: "ఈవిడ ఎన్నేళ్ళుగా డయాలసిస్‌లో ఉన్నారు?"

"ఏ డయాలసిస్?" అన్నాను.

అతను కాగితం మళ్ళీ చూసుకున్నాడు. ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ తొమ్మిది దాటింది. పొటాషియం గుండె ఆగిపోయే దగ్గర్లో ఉంది. ఆ సాయంత్రమే మెడలో కాథెటర్ గొట్టం పెట్టి మిషన్‌కి కలిపారు. మంగళసూత్రం తీసి నా చేతికిచ్చారు. రెండు టన్నులుంది. ఈ అంకెను భాగించకండి.

అల్ట్రాసౌండ్‌లో చూస్తే కిడ్నీల్లో రాళ్ళు లేవు. నాలుగో రోజు బయాప్సీ చేశారు. ఆ మర్నాడు నెఫ్రాలజీ పెద్ద డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. డాక్టర్లు కూర్చున్నారంటే వార్త బరువైనదని అప్పటికి నాకు తెలియదు.

"మైక్రోస్కోపు కింద మీ కిడ్నీ మెరుస్తోంది. గొట్టాల నిండా కాల్షియం ఆక్సలేట్ క్రిస్టల్స్. ఈ మధ్య ఏం తిన్నారు?"

సుభద్ర నా వైపు చూసింది. నేను గర్వంగా చెప్పాను, "వెదురు కొమ్ములు!"

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా నాన్న మారేడుమిల్లిలో ఫారెస్టు డిపార్ట్‌మెంటు గుమాస్తా. వానలు పడగానే సంతకి వెదురు కొమ్ములొచ్చేవి. అమ్మే పల్లాలమ్మ దగ్గర చతికిలబడి నేను కొమ్ముల విద్య నేర్చుకున్నాను. కొమ్మును నిలువుగా చీలిస్తే లోపల నిచ్చెన మెట్లలా గదులుండాలి. పైన ఉల్లిపాయకి మల్లే పొర మీద పొర ఉండాలి. పొరల మీది నూగు గీసుకుంటే దురద పెట్టాలి. రకాలు మూడు: ఒక్క నీటితో ఉడికించి పారబోస్తే చేదు పోయేది మొదటిది, రెండు నీళ్ళు కావలసింది రెండోది, మోచెయ్యి దాటి ఎదిగి ముదిరిపోయింది మూడోది, దానితో బుట్టలల్లుకోవడమే.

"సేదు నీళ్ళు రెండు మార్లు పారబొయ్యాల బాబూ," అనేది పల్లాలమ్మ. "పారబొయ్యకపోతే కొమ్ముని నువ్వు తినవు, కొమ్మే నిన్ను తినేత్తాది."

ఈ ఏప్రిల్‌లో నెకార్ నది ఒడ్డున నడుస్తుంటే గట్టు పొడుగునా కొమ్ములు. ఎర్రచుక్కలతో, కణుపులతో, బొటనవేలంత లావున, బోలుగా. ఇక్కడి తోటల్లో వెదురుని కంచెలా పెంచుతారు కనక నాకు అనుమానం రాలేదు. నలభై కిలోలు కోసి మోసుకొచ్చాను. సంచి చూడగానే సుభద్ర మొహం వెలిగిపోయింది. "మీరుండగా నాకు ఏం లోటండీ," అని ఆ పూటే పొయ్యి మీద పెట్టింది.

మొదటి నీళ్ళు మరిగేసరికే గుజ్జయిపోయాయి. రుచి చూస్తే పులుపు! గోంగూరకి మేనత్త కూతురంత పులుపు. ఇంకెవరైనా ఆగేవారు. మేం ఆంధ్రావాళ్ళం. పులుపు తగిలిన నాలుక ప్రశ్నలడగదు. అక్కడే వంటింట్లో నిలబడి ప్రకటించాను: "ఇది నాలుగో రకం. జర్మన్ పుల్లకొమ్ము. దీనికి చేదు లేదు, కాబట్టి నీళ్ళు పారబొయ్యక్కర్లేదు."

ఆ నీళ్ళే చారు కాచుకున్నాం. పప్పులో వేశాం, పచ్చడి చేశాం, ఊరగాయ పెట్టాం. నెలంతా అదే. పన్నెండేళ్ళుగా సుగరున్న మనిషి సుభద్ర, కూరలు మంచివని నాకన్నా రెండు గరిటెలు ఎక్కువే తింది. పైగా నీరసం తగ్గుతుందని నీళ్ళలో బుస్సుమనే విటమిన్ సి బిళ్ళలు రోజుకి రెండు.

మేఘన ఇంటికెళ్ళి ఊరగాయ సీసా, ఫ్రీజర్లో మిగిలిన నాలుగు కొమ్ములు తెచ్చింది. ఈలోగా చారు సంగతీ బిళ్ళల సంగతీ నేను చెప్పేశాను. డాక్టరమ్మ ఒక కొమ్మును చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూసింది.

"ఇది నాకు తెలుసు. మా తోటలో పదేళ్ళుగా పీకుతున్నాను, చావడం లేదు. ష్టౌడెన్‌క్నోటెరిష్ అనే కలుపు మొక్క. వెదురుకి దీనికి చుట్టరికమే లేదు. దీని పులుపంతా ఆక్సలేటే. ఒకసారి కొంచెం తింటే ఏమీ కాదు. నెల రోజులు, ఉడికించిన నీళ్ళతో సహా, అదీ సుగరున్న కిడ్నీ..." అని ఆపేసింది. ఆ బిళ్ళలు కూడా ఒంట్లో ఆక్సలేటే అవుతాయంది.

"నయమవుతుందా?" సుభద్ర అడిగింది.

"ఆశ పెట్టుకోండి. కానీ ఆశని ఆధారం చేసుకోకండి."

మూడో వారం మూత్రం వచ్చింది. పావు గ్లాసు. నేను గోదావరి వరదొచ్చినట్టు నర్సులందరికీ చాక్లెట్లు పంచాను. క్రియాటినిన్ అయిదుకి దిగింది. పది రోజులు అక్కడే ఆగింది. తర్వాత కాథెటర్‌కి ఇన్ఫెక్షన్ వచ్చి, చలిజ్వరంతో మంచం ఊగిపోయింది. జ్వరం తగ్గాక మూత్రం మళ్ళీ రాలేదు. జులైలో డాక్టరమ్మ మళ్ళీ కుర్చీ లాక్కుంది.

నా కిడ్నీ ఇస్తానన్నాను. అన్ని పరీక్షలూ చేశారు. "మీరూ అదే కూర తిన్నారు. మీ ఫిల్టర్ కూడా దెబ్బతింది. మీ రెండూ మీకే బొటాబొటి," అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మేఘన పళ్ళెంలోకి చూస్తూ అంది, "నవంబర్‌లో నాకు అఖ్ట్‌సేన్, అమ్మా." పద్దెనిమిది నిండుతాయని. ఎందుకు చెప్పిందో ముగ్గురికీ అర్థమైంది.

సుభద్ర చెంచా కింద పెట్టింది. "నిన్ను కన్నది విడిభాగాలకి కాదే. ఆ మాట ఈ ఇంట్లో మళ్ళీ వినపడకూడదు."

వెయిటింగ్ లిస్టులో పేరుంది. ఎన్నేళ్ళని అడిగితే ఎవరూ అంకె చెప్పరు. నాలుగుతో భాగించుకోడానికైనా ఒక అంకె ఉంటే బావుండును.

ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు మిషన్. నాలుగున్నర గంటలు. మిషన్ సూదుల కోసం ఎడమచేతిలో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్ట్యులా చేశారు. చెవి పెట్టి వింటే తేనెపట్టులా రొద. ఆ చేతికి గాజులు వెయ్యకూడదని అన్నీ కుడిచేతికే వేసుకుంటుంది. నీళ్ళు రోజంతటికీ మూడు గ్లాసులు, చారుతో సహా. గోంగూర లేదు, టమాటా లేదు. బంగాళాదుంప తినాలంటే ముక్కలు కోసి, ఒకసారి ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి మళ్ళీ పారబొయ్యాలి. డయటీషియన్ అది చెబుతుంటే నాకు పల్లాలమ్మ గొంతు వినపడింది. ఇంట్లో ఆ పని నాదే. రోజూ పారబోస్తున్నాను. ఇప్పుడు.

మొన్న మిషన్ మీద ఉండగా జోకేశాను. "వద్దండీ, నవ్వితే సూది కదులుతుంది," అంది. నవ్వొచ్చి కాదు. అలసిపోయి.

చదివేవాళ్ళకి ఒక్కటే చెప్పగలను. పరాయి నేల మీద మొలిచినదాన్ని ఊరి జ్ఞాపకంతో పోల్చుకోకండి. కొమ్మును ముందు నిలువుగా చీల్చి చూడండి. పొరలు లేకపోతే అది వెదురు కాదు. వెదురే అయినా రెండు నీళ్ళూ పారబొయ్యండి. ఏ మాత్రం అనుమానమున్నా చెత్తబుట్టే దాని చోటు.

ఇక ఒప్పుకోలు. ప్లేయరు అరచేయంత. సంచి పది కిలోలు. అవి కల్పనలు కావు, నా అలవాటు. కల్పించింది ఒక్కటే: ఆ రోజు సుభద్ర మొహం వెలిగిపోయిందని రాశానే, అది.

వెలగలేదు. ఆమె ఒక కొమ్మును చాకుతో నిలువుగా చీల్చి, నా ముందు పెట్టి అడిగింది: "ఏవండీ, దీనికి పొరలేవీ? పొరలుంటేనే వెదురని మీరేగా పెళ్ళైన కొత్తలో చెప్పారు?"

"నువ్వు తెనాలిదానివి. వెదురంటే నీకు గోడకి వేసే నిచ్చెనే తెలుసు. నేను కొన్ని వేల కొమ్ములు చూశాను," అన్నాను.

ఆమె నవ్వి పొయ్యి వెలిగించింది. ఇరవై రెండేళ్ళలో నాలుగుతో భాగించకుండా నా మాట నమ్మింది ఆ ఒక్కసారే.