మౌనమ్మల మఠంలో తొలి కాన్పు

మొన్న హిమాయత్ సాగర్ దగ్గర ఒక శుభకార్యానికి వెళ్ళి తిరిగి వస్తుంటే, రింగురోడ్డు దిగిన చోట కారు నెమ్మదించినప్పుడు, చాలా ఏళ్ళ తర్వాత ఆ రాతి గోడల మఠం కంటబడింది. వసారాలో నిండు గర్భిణులు బల్లల మీద కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. కారు ఆపించి గేటు దాకా నడిచాను. నా ఈడు వాళ్ళకు ఆ భవనం తెలియనిది కాదు గానీ, అది దవాఖాన ఎలా అయిందో తెలిసినవాళ్ళు తక్కువే.

మా చిన్నతనంలో దాన్ని మౌనమ్మల మఠం అనేవాళ్ళం. లోపలి క్రైస్తవ మఠకన్యలు బయటికి వచ్చేవారు కాదు, తమలో తాము కూడా అవసరమైతేనే మాట్లాడుకునేవారట. ఆ గోడలకు రాళ్ళు మోసింది మా తాతల తరం. జ్వరమొచ్చినా దగ్గొచ్చినా మా ఊరు పాల్మాకుల ఆడవాళ్ళు గోడలోని చిన్న చెక్క కిటికీ దగ్గర నిలబడి బాధ చెప్పుకుంటే మందు బయటికి వచ్చేది గానీ, ఇచ్చిన మనిషి ముఖం మాత్రం కనిపించేది కాదు. గొంతు గట్టిదని మా అమ్మ ఎప్పుడూ మా చెల్లెలినే పంపేది.

కొత్త విమానాశ్రయం తెరిచే నాటికి లోపల వృద్ధులే మిగిలారు. కొత్తగా చేరేవారు లేక మఠం మూసి, వాళ్ళను నగరంలోని మరో ఆశ్రమానికి తరలించారు. చుట్టూ భూములు బంగారమయ్యాయి. మఠం పడగొట్టి ఫంక్షన్ హాలు కడతారని ఊరంతా చెప్పుకున్నారు. నేనప్పుడు ఊళ్ళో నర్సును. మా ఆరోగ్య కేంద్రమంటే ఒక కిరాయి గది. కాన్పు కష్టమైతే నగరానికి పరుగెత్తవలసిందే. అలా పరుగెత్తిన ఆటోలోనే, రోడ్డు పనులకు తవ్విన దారిలో చిక్కుకుని, మా చెల్లెలి తొలి బిడ్డ పోయింది. పక్కనే ఉండి కూడా నేనేమీ చేయలేకపోయాను.

నెలల తరబడి చెల్లెలు గడప దాటలేదు. ఒక ఉదయం మాత్రం వచ్చి, "అక్కా, మఠం పెద్దమ్మ ఏడున్నదో నాకు చూపియ్యి" అంది. మఠకన్యలందరికీ పెద్దగా ఉండిన ఆవిడ కోసం మేం పదిమంది ఆడవాళ్ళం కలిసి నగరంలోని ఆశ్రమానికి బయల్దేరాం.

పెద్దమ్మగారిది కోస్తా వైపు. అప్పటికే చూపు బాగా తగ్గింది. చెల్లెలు నిలబడే చెప్పింది.

"జాగ అమ్ముకుంటే మీకు పైసలొస్తయి, నేను కాదంటలేను. గని నా బిడ్డ తొవ్వలనే పాణమిడిసింది అమ్మా. ఇంకొకల్ల బిడ్డ గట్ల పోవద్దు. మఠాన్ని కాన్పుల దవాఖానకు ఇయ్యుండ్రి."

ఆవిడ తల ఎత్తారు. "దగ్గు మందుకు వచ్చే పిల్లవు కదమ్మా నువ్వు? నీ ముఖం ఎన్నడూ చూడలేదు గానీ, ఆ కిటికీ వెనుక కూర్చున్నది నేనే."

బిడ్డ పోయినప్పుడు కూడా ఏడవని మా చెల్లెలు ఆవిడ ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది.

ఆ రోజు నుంచి పెద్దమ్మగారు మా పక్షం. చర్చి పెద్దలు ఒప్పుకోవడానికి, సర్కారు కదలడానికి చాలా కాలం పట్టింది. మేం ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. తీరా అనుమతి రాగానే ఊరు ఊరంతా పని మీద పడింది. ప్రార్థన మందిరంలోని బలిపీఠాన్ని చర్చివాళ్ళు ప్రార్థన చేసి తీసుకెళ్ళాక, మేం గోడలకు సున్నం వేశాం. "మా అమ్మీ భీ గీ మఠం మందుతోనే బతికింది" అంటూ శంషాబాద్ నుంచి ఒక ముస్లిం పెద్దాయన కొడుకులను వెంటబెట్టుకొచ్చి కరెంటు పనంతా చేశాడు. మఠకన్యల చిన్న గదులు బాలింతల గదులయ్యాయి, భోజనశాలలో డాక్టరమ్మ కూర్చుంది.

అక్కడ తొలి కాన్పు మా చెల్లెలిదే. ఆడపిల్ల. నా చేతుల్లోనే పడింది. ఆ ఏడుపు కమానుల కింద మారుమోగుతుంటే వసారాలో ఆడవాళ్ళు ఈలలు, చప్పట్లు! కబురందుకుని వచ్చిన పెద్దమ్మగారు పాపను గుండెకు హత్తుకుని, "ఇక్కడ మేమెవరం ఎన్నడూ గొంతెత్తలేదు" అన్నారు.

"ఇగ మీ అందరి బదులు గిదే ఒర్లుతది అమ్మా!" అని మా చెల్లెలు నవ్వింది. అంత నిండైన గెలుపు నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాత పెద్దమ్మగారు పోయారు. పొలాలమ్ముకున్న వాళ్ళు తుక్కుగూడ అపార్ట్‌మెంట్లలోకి చేరారు, ఎదురుపడితే ఫోన్ నంబర్లు అడుగుతాం, అంతే. ఇవాళైతే అక్కడ అంత జాగాను ఎవరైనా ఊరికే ఇస్తారా, అడగడానికి మేమైనా అంతమందిమి కూడుతామా అనిపిస్తుంది. అప్పుడు మాత్రం అడిగాం, ఇచ్చారు.